నిజరూప దర్శనం మనకెందుకు?

విశాఖ పౌరులకు సవినయంగా మనవి. నగరంలో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన అలవాటు తలెత్తుతోంది. బ్యాంకులో కూర్చోమన్న చోట కూర్చుని, సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టి వచ్చే మర్యాదస్తులు తమ అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టును తామే తెప్పించుకుని చదువుతున్నారు. చదివి ఊరుకోవడమూ లేదు. ద్వారకానగర్‌లో కౌంటర్ల మీద దాన్ని పరిచి, ఫలానా వరుస ఏమిటని వేలు పెట్టి అడుగుతున్నారు. ఇది ఇలాగే సాగితే అప్పిచ్చేవాడి ముందు పుచ్చుకునేవాడు తరతరాలుగా చూపుతున్న అణకువ మంటగలుస్తుందని నా భయం.

అసలు ఈ ఏర్పాటులోని అందమంతా మనం చదవకపోవడంలోనే ఉంది. 2005 నాటి చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఎప్పుడు ఏ అప్పు తీసుకున్నాం, ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైంది, కార్డు మీద ఎంత వాడేశాం అన్న వివరాలను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీటికి చేరవేస్తుంటాయి. ఇదివరకు నెలకోసారి పంపేవి. 2025 జనవరి నుంచి పక్షానికోసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కన్నతల్లికి కూడా మన క్షేమ సమాచారం ఇంత క్రమం తప్పకుండా అందదు. పొదుపు ఖాతాలో నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు మాత్రం అందులో కనిపించవు. ఉన్నదాని సంగతి ఎవరికి కావాలి, ఇవ్వవలసిందే లెక్క. బైకు షోరూములో మూలన కూర్చునే ఫైనాన్స్ కుర్రాడు, మనం చదవకుండా టిక్కు పెట్టిన అనుమతితో ఆ చరిత్ర తెప్పించుకుని, పెదవి విరిచి, "మీకు రాదండి" అంటాడు. కారణం అడగడం మన సంస్కారం కాదు.

సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రం నిజరూపం చూపిస్తాడని ఈ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. క్రెడిట్ వ్యవహారమూ అంతే. ఫోనులో రంగురంగుల ముల్లుతో కనిపించే మూడంకెల స్కోరు, అంటే ఆ చరిత్రకు 300 నుంచి 900 వరకు వేసే మార్కు, అది చందనం. రిపోర్టు దాని కింద ఉంటుంది. ఆ దర్శనానికి 2017 నుంచి ఏడాదికోసారి ఉచిత క్యూ పెట్టించారు, అదీ ఒక్కొక్క సంస్థ దగ్గర విడివిడిగా. సిఫారసు లేఖ అక్కర్లేదు, అర్ధరాత్రి లేచి కొండెక్కే పని లేదు. అందుకే కాబోలు ఇన్నాళ్లూ ఎవరూ అటు పోలేదు. సిఫారసు లేకుండా దొరికే దర్శనానికి మన ఊళ్లో విలువేముంది?

సొంత రిపోర్టు చూసుకుంటే స్కోరు పడిపోతుందన్న వదంతి చాలాకాలం మనల్ని కాపాడింది. దురదృష్టవశాత్తు అది అబద్ధం. అప్పు కోసం పదిచోట్ల దరఖాస్తు పెడితే పదిమంది తెరిచి చూస్తారే, ఆ చూపులకు స్కోరు తగ్గుతుంది. మన చూపుకు తగ్గదు. పైగా ఎవరైనా మన రిపోర్టు తెరిస్తే ఆ సంగతి మెసేజ్ ద్వారానో మెయిల్ ద్వారానో మనకు తెలియజేయాలని 2023లో ఇంకో ఆదేశం వచ్చింది. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చెరిపేసేవాళ్లే నిజమైన దేశభక్తులు.

చదివితే ఏమవుతుందో గాజువాకలో ఒక ఇంట్లో చూశాను. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన పెద్దాయన. పేపరులో చదివాడో, మనవడు చెప్పాడో గాని, రిపోర్టు తెప్పించాడు. అందులో తాను ఎన్నడూ తీసుకోని పెద్ద అప్పు ఒకటి, తొంభై రోజుల బకాయితో సహా. ఇంటిల్లిపాదీ తల పట్టుకున్నాక గుర్తొచ్చింది: అది తోడల్లుడి లారీ అప్పు, ఈయన షూరిటీ సంతకం. పెళ్లి భోజనాల హడావిడిలో "మాట వరసకే అన్నయ్యా" అంటూ పెట్టించుకున్న సంతకం. హామీదారు ఖాతాలో కూడా ఆ అప్పు కనబడుతుందని, అవతలివాడు ఎగ్గొడితే మచ్చ ఇద్దరికీ అంటుతుందని తోడల్లుడు చెప్పలేదు. బ్యాంకువాళ్లు చెప్పారేమో, అప్పుడు ఈయన పెరుగన్నంలో ఉన్నాడు. చదవకపోయి ఉంటే ఆ రెండు కుటుంబాలు ఈసారి చందనోత్సవానికి కూడా ఒకే ఆటోలో వెళ్లేవి.

ఇంకా కింద చూస్తే పాత క్రెడిట్ కార్డు. వసూలు ఏజెంటు పదిసార్లు ఫోను చేసి "సగం కట్టేయండి, ఫైలు మూసేద్దాం" అన్నాడు, ఈయన కట్టాడు. రిపోర్టులో మాత్రం "క్లోజ్డ్" అని లేదు, "సెటిల్డ్" అని ఉంది. అంటే పూర్తిగా కట్టలేదు, బేరం కుదుర్చుకున్నాడు అని రాబోయే బ్యాంకులన్నిటికీ టముకు. ఏజెంటు ఈ తేడా చెప్పకపోవడం క్లుప్తతే తప్ప మోసం కాదని మనం సర్దిచెప్పుకోవాలి.

ఇంతవరకు ఉన్నది నిజమే కనుక ఎవరూ చెరపలేరు. వారంలో స్కోరు పెంచుతామని కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాల వాళ్లు కూడా చెరపలేరు. ఫీజు మాత్రం తీసుకోగలరు. అసలు చిక్కు మూడో వరుసతో వచ్చింది. ఎప్పుడో తీర్చేసిన స్కూటరు అప్పు, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ బీరువాలో భద్రంగా ఉంది. రిపోర్టులో ఆ అప్పు ఇంకా బతికే ఉంది.

ఇక్కడే ఆయన హద్దు మీరాడు. తప్పు దిద్దమని ఎన్‌ఓసీ జతచేసి రిపోర్టు ఇచ్చిన సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. నిబంధనల ప్రకారం బ్యాంకు 21 రోజుల్లో సరైన వివరం పంపాలి, మొత్తం వ్యవహారం 30 రోజుల్లో తేలాలి. తేలకపోతే 31వ రోజు నుంచి రోజుకు 100 రూపాయలు ఫిర్యాదుదారుకు పరిహారం. ఆలస్యం ఎవరిదైతే వాళ్లు చెల్లించాలి. ఫిర్యాదును కొట్టేస్తే కారణం చెప్పాలి. స్కోరు ఎలా లెక్కకట్టారన్న గొడవకు మాత్రం ఈ పరిహారం వర్తించదు. ఆ రహస్యం తెలుసుకోవాలనుకునేవాళ్లను డబ్బిచ్చి ప్రోత్సహించడం బాగుండదు కదా. సంస్థకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, రుసుము లేదు. 2022 సెప్టెంబరు నుంచి ఈ నాలుగు సంస్థలూ ఆయన పరిధిలోకి వచ్చాయి.

న్యాయం మాట్లాడుకుందాం. మన వాయిదా ఒక్కరోజు తప్పితే బౌన్స్ ఛార్జీ, ఆలస్యానికి ఇంకో వాత. వాళ్ల తప్పుకు ముప్ఫై రోజుల గడువు, ఆ తర్వాత వంద. ఈ కరుణను అర్థం చేసుకోకుండా గుమస్తాలను వేధించడం తగునా అని పెద్దాయనకు నచ్చజెప్పడానికే గాజువాక వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని క్యాలెండరులో తేదీలకు సున్నాలు చుడుతున్నాడు. ముప్ఫై రోజులు దాటిపోయాయట. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. ఈ ఆలస్యం విలువ నెలకు 3,000. "బ్యాంకువాళ్లు ఫోను చేసి ఇంకో రెండు రోజుల్లో దిద్దేస్తామన్నారు బాబూ," అన్నాడు దిగులుగా. "తొందరేం లేదు, నిదానంగా చూసుకోండి అని చెప్పాను."