కార్డు చెడితే వీఎంను ఆపాలా, వీఎంకే చెప్పాలా?

అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబు. ఒకటే పెద్ద సర్వరు, దాని మీద లైనక్స్ కేవీఎంలో నడిచే వీఎంలు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన మిషన్లు, కొన్నింటికి జీపీయూ కార్డునో ఎన్‌వీఎంఈ అనే వేగమైన డిస్కునో నేరుగా అప్పగించారు, పాస్‌త్రూ అంటామే, అది. ప్రాజెక్టు రివ్యూలు దగ్గర పడిన టైములో జీపీయూ ఉన్న స్లాటులో ఎర్రర్ వచ్చి ఒక వీఎం మొత్తం నిలిచిపోయింది, రాత్రంతా నడిచిన మోడల్ ట్రైనింగ్ పోయింది. సర్వరు బాధ్యత సునందది, ఆగడమే సరైంది అంటుంది. ఆ వీఎంలో పిల్లల చేత ప్రాజెక్టులు చేయించేది ఓబులేసు, అతను ఒప్పుకోడు. పాస్‌త్రూ వాడే ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే గొడవే ఇది కాబట్టి వాళ్ళ వాదన ఇక్కడ పెడుతున్నా.

ఓబులేసు: అక్కా, చెడింది జీపీయూ. డిస్కు బాగుంది, మెమరీ బాగుంది, నెట్‌వర్కు బాగుంది. లాగిన్ అయి రిపోర్టు రాసుకుంటున్న పిల్లోళ్ళు ఫైలు కూడా సేవ్ చేసుకోలేకపోయారు. ఒక్క కార్డు కోసం వీఎం అంతా ఎందుకు ఆపాలి?

సునంద: ముందు ఏం జరిగిందో చూడు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో, అంటే కార్డును సర్వరుకు కలిపే దారిలో, కరెక్టబుల్ (సరిదిద్దగలిగే) ఎర్రర్ వస్తే హార్డ్‌వేరే సర్దుకుంటుంది, ప్యాకెట్ పాడైతే మళ్ళీ పంపించుకుంటుంది, లాగ్‌లో ఒక లైను పడటం తప్ప మనకేం తెలియదు. దానికి ఎవరూ వీఎంను ఆపరు. అన్‌కరెక్టబుల్‌లో రెండున్నాయి. నాన్‌ఫేటల్ అంటే లింకు బాగుంది, ఆ ఒక్క లావాదేవీ పోయింది. ఫేటల్ అంటే లింకునే నమ్మడానికి లేదు. మనకు వచ్చింది ఫేటల్. హోస్టు, అంటే అసలు సర్వరు, కెర్నల్లో ఈ ఎర్రర్లను పట్టుకునే ఏఈఆర్ కోడు ఆ కార్డు డ్రైవరుకు చెప్తుంది, పాస్‌త్రూలో ఆ డ్రైవరు వీఎఫ్ఐఓ, కార్డును వీఎంకు అప్పగించేది అదే. అది క్యూఎముకు, అంటే వీఎంను నడిపే ప్రోగ్రాముకు, సిగ్నల్ ఇస్తుంది, క్యూఎము వీఎంను ఇంటర్నల్ ఎర్రర్ స్థితిలో పెట్టి నిలిపేస్తుంది. కోలుకోలేని ఎర్రర్ వచ్చింది, దొరికినంత డేటా తీసుకుని గెస్టును (వీఎం లోపలి సిస్టమ్‌ను) చంపెయ్యండి అని లాగ్‌లో రాస్తుంది కూడా. అంత స్పష్టంగా ఉంది.

ఓబులేసు: నాన్‌ఫేటల్ వచ్చినా చేసేది ఇదేగా?

సునంద: ఇదే.

ఓబులేసు: అదే నా బాధ! ఇదే కార్డు వీఎం లేకుండా నేరుగా మిషను మీద ఉంటే ఏమయ్యేది? లైనక్స్‌లో మంచి డ్రైవర్లకు ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టిన ఫంక్షన్లు ఉంటాయి. ఎర్రర్ వచ్చిందని చెప్తే పని ఆపుతాయి, స్లాటు రీసెట్ అయ్యాక కార్డును మళ్ళీ సిద్ధం చేసుకుంటాయి, ఆ తర్వాత పని మొదలుపెడతాయి. ఎన్‌వీఎంఈ డ్రైవరులో ఉంది, పెద్ద నెట్‌వర్కు కార్డుల డ్రైవర్లలో ఉంది. గెస్టులో ఉన్నది కూడా అదే డ్రైవరు, అదే కోడు. కానీ ఎర్రర్ వచ్చిందన్న మాటే గెస్టు దాకా రాదు. చికిత్స తెలిసిన డాక్టరు లోపలుంటే బయట గడియ పెట్టేసి రోగి పోయాడని రాసుకున్నట్టుంది మీ పద్ధతి.

సునంద: చెప్పడం అంత తేలికైతే ఎప్పుడో చెప్పేవాళ్ళు. ఎర్రర్‌ను గెస్టుకు అందించాలని క్యూఎముకు ప్యాచ్‌లు రాసినవాళ్ళు ఉన్నారు, చాలా వెర్షన్లు తిరిగాయి, అక్కడ అడ్డం పడ్డ ప్రశ్నలే నేనూ అడుగుతా. ఫేటల్ ఎర్రర్ రాగానే హోస్టు తన పద్ధతిలో లింకును రీసెట్ చేస్తుంది. అదే టైములో గెస్టుకు కూడా చెప్పామనుకో, గెస్టు తన వర్చువల్ బస్సును (కార్డులు కలిసే దారిని) రీసెట్ చేస్తుంది, అది నిజమైన కార్డు మీదికే వచ్చి పడుతుంది. ఒకే కార్డును ఇద్దరు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా రీసెట్ చేస్తే చివరికి ఆ కార్డు ఏ స్థితిలో ఉంటుందో చెప్పగలవా? పోనీ గెస్టు పూర్తి చేసేదాకా హోస్టు ఆగాలంటావా? గెస్టు హ్యాంగ్ అయితే? లోపల కావాలని జవాబివ్వని సాఫ్ట్‌వేర్ ఉంటే? గెస్టు కోసం హోస్టు ఎదురుచూసే ఏర్పాటు నేనైతే పెట్టను.

ఓబులేసు: టైమవుట్ పెట్టండి. ఇన్ని సెకన్లలో జవాబు రాకపోతే అప్పుడు ఆపండి.

సునంద: బస్సుల సంగతేంటి మరి? మన జీపీయూలో రెండు ఫంక్షన్లున్నాయి, గ్రాఫిక్స్ ఒకటి, ఆడియో ఒకటి. హోస్టులో రెండూ ఒకే బస్సు మీద. గెస్టులో వాటిని వేరే వేరే వర్చువల్ బస్సుల మీద పెట్టొచ్చు, ఎవరూ వద్దనరు. గెస్టు ఒక బస్సును రీసెట్ చేస్తే నిజంగా రీసెట్ అయ్యేది రెండు ఫంక్షన్లూ. రెండో ఫంక్షన్ డ్రైవరుకు ఏం జరిగిందో తెలియదు. అదే నాలుగు పోర్టుల నెట్‌వర్కు కార్డయితే, నాలుగు పోర్టులు నాలుగు వీఎంలకు ఇచ్చి ఉంటే, ఒక వీఎం రీసెట్ చేస్తే మిగతా మూడింటి గతేంటి? ఇంకా పాత ఐ440ఎఫ్‌ఎక్స్ మిషను టైపులో నడిచే వీఎంలున్నాయి, వాటిలో పీసీఐ ఎక్స్‌ప్రెస్సే లేదు. ఏఈఆర్ అంటే ఏంటో తెలియని గెస్టుకు దాని కబురు ఎట్లా పంపిస్తావు?

(ఇక్కడ సునంద మాటలో బలముంది. నాకు మొదట ఓబులేసు వైపే మొగ్గాలనిపించింది గానీ, ఈ బస్సుల చిక్కు విన్నాక అంత సులువు కాదని తెలిసింది.)

ఓబులేసు: సరే, బస్సులు కష్టమే. కానీ మెమరీ మాటేంటి? ర్యామ్‌లో సరిదిద్దలేని ఎర్రర్ వస్తే మీరు వీఎంను ఆపట్లేదు కదా! కెర్నల్ ఆ పేజీని విషం పట్టినట్టు గుర్తు పెట్టి క్యూఎముకు సిగ్‌బస్ అనే సిగ్నల్ పంపిస్తుంది, క్యూఎము గెస్టు లోపలికి మెషీన్ చెక్, అంటే హార్డ్‌వేరు చెడిందన్న కబురు, పంపిస్తుంది, గెస్టు కెర్నల్ ఆ పేజీ వాడుతున్న ప్రాసెస్‌ను మాత్రం చంపి తన పని తాను చేసుకుంటుంది. లైనక్స్‌లో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. ర్యామ్ విషయంలో గెస్టును నమ్మినప్పుడు కార్డు విషయంలో ఎందుకు నమ్మరు?

సునంద: ర్యామ్‌లో చెడింది ఏదో అడ్రస్ తెలుసు కాబట్టి. ఆ ఒక్క పేజీ, దానికి హద్దుంది. లింకు పోయినప్పుడు కార్డు డీఎంఏతో, అంటే ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా, వీఎం మెమరీలోకి రాస్తూ ఉండొచ్చు. ఒక బఫర్లో సగం చేరి సగం చేరకపోతే, ఎక్కడిదాకా మంచిది, ఎక్కడినుంచి చెడ్డది? కార్డు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే ఐఓఎంఎంయూ ఉంది కాబట్టి పక్క వీఎం మెమరీ జోలికి పోదు, నిజమే. కానీ నీ వీఎం లోపల ఏం మిగిలిందో ఎవరికి తెలుసు? ఆగిపోతే కనీసం ఆగిందని తెలుస్తుంది. తప్పు లెక్కతో నడుస్తూ పోతే ఆ పిల్లోడు అవే అంకెలు తీసుకెళ్ళి రివ్యూలో చూపిస్తాడు.

ఓబులేసు: అట్లా కాదక్కా. కార్డు పోయాక దాని రిజిస్టర్ చదివితే అన్నీ ఒకట్లే వస్తాయి, డ్రైవరు దాన్ని గుర్తుపడుతుంది. ఎన్విడియా డ్రైవరైతే జీపీయూ బస్సు నుంచి ఊడిపోయిందని ఎక్సిడ్ 79 అనే ఎర్రర్ నంబరు లాగ్‌లో రాస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాముకు ఎర్రర్ వస్తుంది, అది ఆగిపోతుంది. మధ్యలో సేవ్ చేసుకున్న చెక్‌పాయింట్ నుంచి మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు. తప్పు అంకె ఎక్కడ పుట్టింది ఇందులో? ఎన్‌వీఎంఈ డ్రైవరైతే పంపిన కమాండుకు మామూలుగా 30 సెకన్లు జవాబు రాకపోతే దాన్ని రద్దు చేయాలని చూస్తుంది, అదీ కుదరకపోతే తనంతట తానే కంట్రోలరును రీసెట్ చేసుకుంటుంది. ఏఈఆర్ కబురు లేకపోయినా కోలుకునే దారి లోపల ఉంది, మీరు వీఎంను ఆపి ఆ దారి కూడా మూసేస్తున్నారు. ఐబీఎం పవర్ మిషన్లలో ఈఈహెచ్ అని ఉంది. ఎర్రర్ రాగానే హార్డ్‌వేరే ఆ స్లాటును గడ్డకట్టిస్తుంది, రాతలు లోపలికి పోవు, చదివితే ఒకట్లు వస్తాయి. ఆ తర్వాత పాస్‌త్రూ గెస్టే అడిగి స్లాటును రీసెట్ చేయించుకుంటుంది, క్యూఎములో దానికి సపోర్టు కూడా ఉంది. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

సునంద: అక్కడ కుదిరింది స్లాటును గడ్డకట్టించే హార్డ్‌వేరు ఉంది కాబట్టి. దెబ్బ తగిలిన క్షణమే గోడ కట్టేస్తుంది, తర్వాత తీరిగ్గా ఎవరు బాగుచేసినా ఫరవాలేదు. మన ఎక్స్86 సర్వర్లలో డీపీసీ అని అలాంటిదే వచ్చింది, ఎర్రర్ రాగానే పోర్టు లింకును దింపేస్తుంది. కానీ అన్ని పోర్టుల్లో ఉండదు, ఉన్నచోట కూడా చాలాసార్లు బయోస్ దాన్ని తన చేతిలోనే పెట్టుకుంటుంది. అది లేనిచోట ఆపడం ఒక్కటే నా చేతిలో ఉంది.

ఓబులేసు: పోనీ వీఎం నుంచి ఆ కార్డును మాత్రం తీసేయండి. హాట్ అన్‌ప్లగ్, వీఎం నడుస్తుండగానే. కార్డు పోయిందని గెస్టుకు తెలుస్తుంది, మిగతాది నడుస్తుంది.

సునంద: డివైస్ తీసెయ్యమని క్యూఎముకు చెప్తే అది గెస్టును అడుగుతుంది, గెస్టు సరే అన్నాకే తీస్తుంది. డ్రైవరు చచ్చిన కార్డు దగ్గర ఇరుక్కుపోయి ఉంటే ఆ సరే ఎప్పటికీ రాదు. కొన్నిసార్లు పనిచేస్తుంది, ఒప్పుకుంటా. గెస్టు సిస్టమ్ ఉండే రూటు డిస్కే పాస్‌త్రూ ఎన్‌వీఎంఈ అయితే మాత్రం ఆ మాటే వద్దు.

ఓబులేసు: అంటే జీపీయూ వీఎంలకు ప్రయత్నించొచ్చు.

సునంద: జీపీయూ వీఎంలకు, రూటు డిస్కు వర్చువల్ డిస్కుగా ఉన్నవాటికి, ప్రయత్నించొచ్చు. నాకు అంతకంటే కోపం వచ్చేది ఇంకోటుంది. ఈ ఫేటల్ ఎర్రర్ హఠాత్తుగా రాలేదు. ముందునుంచే ఆ స్లాటులో కరెక్టబుల్ ఎర్రర్లు పడుతున్నాయి. కెర్నల్ తన లెక్కలు చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో, ఏఈఆర్ ఉన్న ప్రతి కార్డుకూ ఆ లెక్కల ఫైలు ఉంటుంది, అందులో బ్యాడ్ టీఎల్‌పీ (పాడైన ప్యాకెట్) అన్న లైను దగ్గర అంకె పెరుగుతూ పోయింది. ఆ కార్డు రైజర్ కేబుల్ (కార్డును స్లాటుకు కలిపే తీగ) మీద ఉంది, మన ఊరి గాలికి ల్యాబులో దుమ్ము ఎంత చేరుతుందో నీకు తెలుసు. లాగ్ నిండిపోతోందని చాలామంది కెర్నల్‌కు నోఏఈఆర్ ఆప్షన్ పెట్టి ఏఈఆర్‌నే ఆపేసి ఊరుకుంటారు. అప్పుడు వీఎఫ్ఐఓకు ఎర్రర్ సంగతే తెలియదు, వీఎం ఆగదు, గుడ్డిగా నడుస్తుంది.

ఓబులేసు: నోఏఈఆర్ విషయంలో మీతో గొడవ లేదు. ఆ లెక్క పెరుగుతుంటే వీఎం ఖాళీ చేసి కార్డు చూడాలి. అది మీరు ముందే చేసుంటే మనకీ వాదనే ఉండేది కాదు గానీ...

సునంద: ఇప్పుడు పెడతా, లెక్క పెరిగితే మెయిల్ వచ్చేట్టు. వీఎం ఆగినప్పుడు వెంటనే రీసెట్ కొట్టకుండా ముందు విర్ష్ అనే వీఎంల కమాండుతో మెమరీ డంప్ (మెమరీ కాపీ) తీసే స్క్రిప్టు కూడా. మెమరీ ఓన్లీ ఆప్షన్ తప్పనిసరి, పాస్‌త్రూ ఉన్న వీఎంకు మామూలు డంప్ పనికిరాదు. డంప్ అయ్యాక రీసెట్. ఆ స్థితి నుంచి రెజ్యూమ్ కొడితే క్యూఎము ఒప్పుకోదు, రీసెట్ కావాల్సిందే అంటుంది.

ఓబులేసు: మంచిదే. నేను చెక్‌పాయింట్లు అరగంటకు ఒకసారి వర్చువల్ డిస్కులోకి రాయిస్తా. అయినా నాన్‌ఫేటల్‌కు కూడా వీఎంను ఆపడం నాకు నచ్చలేదక్కా. లింకు బాగున్నప్పుడు, పోయింది ఒక్క లావాదేవీ అయినప్పుడు, రీసెట్లు ఢీకొట్టుకునే భయం కూడా లేనప్పుడు, గెస్టుకు ఒక్క మాట చెప్పొచ్చు.

సునంద: నాన్‌ఫేటల్ వరకైతే... నువ్వన్నదాంట్లో న్యాయం ఉంది. ఫేటల్‌కు మాత్రం నేను మారను. ఆదివారం ల్యాబు ఖాళీగా ఉంటుంది కదా, రైజర్ మారుద్దాం, వచ్చేయ్.