డిస్నీలాండ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టిన అమ్మానాన్నలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే సదరన్ కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్ళం తిప్పే చోట్లు దాదాపు ఒకటే. మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి, శాన్ డియాగో, లాంగ్ వీకెండ్ దొరికితే గ్రాండ్ కాన్యన్, మధ్యలో ఒక రోజు అనాహైమ్‌లో డిస్నీలాండ్. తర్వాత ఆఫీసులోనూ వాట్సాప్ గ్రూపులోనూ అందరూ అడిగే ప్రశ్న కూడా ఒకటే. "ఎన్ని రైడ్లు కవర్ చేశారు?"

ఈ ప్రశ్న మీద నాకు చాన్నాళ్ళుగా కోపం పేరుకుపోయి ఉంది. ఇవాళ కూర్చుని రాసేస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

పిల్లలతో మొదటిసారి, రెండోసారి వెళ్ళినప్పుడు మేమూ అలాగే తిరిగాం. తెల్లారకముందే లేచి గేటు దగ్గర నిలబడటం, ఏ లైను ఎన్ని నిమిషాలో ఫోన్లో చూసుకోవడం, ఈ మూల నుంచి ఆ మూలకి పరుగు. రెండోసారి మా అత్తగారూ మామగారూ కూడా ఉన్నారు. వాళ్ళని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన బ్యాగులూ నీళ్ళ సీసాలూ పెట్టి, "గంటలో వచ్చేస్తాం, ఇక్కడే ఉండండి" అని వెళ్ళాం. అలా రోజంతా మూడు బెంచీలు మార్చాం. రాత్రి కారెక్కాక మామగారు "బావుందమ్మా" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే డిస్నీలాండ్ ఆలోచన పుట్టిందే ఒక బెంచీ మీద అని ఆ తర్వాత చదివాను. వాల్ట్ డిస్నీ సెలవు రోజుల్లో తన ఇద్దరు కూతుళ్ళనీ లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే తను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సరదాగా గడిపే చోటు ఒకటి ఉంటే బావుండునని అక్కడే అనిపించిందని ఆయనే చెప్పాడు. నారింజ తోటలు ఉన్న 160 ఎకరాలు కొని, ఏడాదిలో కట్టి, 1955 జూలై 17న తెరిచాడు. అలాంటి చోటికి వెళ్ళి మనం అమ్మానాన్నల్ని మళ్ళీ బెంచీ మీదే వదిలేస్తున్నాం.

పోయిన అక్టోబర్‌లో మా అమ్మానాన్న వచ్చారు. నాన్నకి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర లేకుండా నడవలేరు. అమ్మకి బీపీ. "వాళ్ళు ఒక్క రైడూ ఎక్కలేరు కదా, అంత టికెట్టు దండగ" అన్నారు తెలిసినవాళ్ళందరూ. మొదట్లో ఒక్క డాలరు ఉన్న ప్రవేశ రుసుము ఇప్పుడు బాగా రద్దీ రోజుల్లో 200 దాటుతోంది కాబట్టి వాళ్ళ మాటని తీసిపారేయలేను. అయినా తీసుకెళ్ళాను. పిల్లల్ని మా ఆయనకి అప్పగించి, ఫోను బ్యాగులో పడేసి, నేను అమ్మానాన్నలతో నడిచాను.

లోపలికి వెళ్ళగానే వచ్చే మెయిన్ స్ట్రీట్‌ని అందరం రైడ్లకి పోయే దారి అనుకుంటాం. 1900 ప్రాంతంలో అమెరికాలో చిన్న ఊరి బజారు ఎలా ఉండేదో అలా కట్టిన వీధి అది. అమ్మ నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. "పై అంతస్తులు పొట్టిగా లేవుటే?" అంది. నిజమే. కింది అంతస్తు కంటే పైది కొలత తగ్గించి కట్టారు. అందువల్ల మేడలు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయి, కానీ కింద నడిచే మనిషికి మీద పడుతున్నట్టు ఉండదు. అది చెప్తే అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "గోపురం కూడా అంతేగా. పైకి పోయేకొద్దీ అంతస్తులు చిన్నవి చేసుకుంటూ పోతారు" అంది.

వీధి చివర కోట కూడా అదే లెక్క. అడుగున రాళ్ళు పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఎత్తు 77 అడుగులే. "ఫ్లోరిడాలో డిస్నీ పార్కు కోట 189 అడుగులు, ఇదేంటి ఇంతేనా" అని పెదవి విరిచేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు ఆ చిన్నతనమే ఇష్టం. నాలుగేళ్ళ పిల్ల పక్కన నిలబడి తలెత్తితే కొన దాకా కనిపించే కోట అది.

మెయిన్ స్ట్రీట్ మేడల కిటికీ అద్దాల మీద దుకాణాల పేర్లలాగా రాసినవి నిజానికి పార్కు కోసం పనిచేసినవాళ్ళ పేర్లు. ఒక కిటికీ మీద ఎలియాస్ డిస్నీ, కాంట్రాక్టర్, 1895 అని ఉంటుంది. వాల్ట్ తండ్రి ఆయన. 1893లో చికాగోలో జరిగిన పెద్ద ప్రపంచ ప్రదర్శనకి కట్టడం పనుల్లో కూలికి వెళ్ళిన మనిషి. కొడుకు కట్టిన వీధిలో తండ్రి పేరు ఉంది, దాని కిందుగా రోజూ వేలమంది తల దించుకుని ఫోను చూసుకుంటూ వెళ్ళిపోతున్నారు.

ఆ పక్కన ఫైర్ స్టేషన్ మేడ మీద చిన్న గది ఒకటి ఉంది. పార్కుకి వచ్చినప్పుడు వాల్ట్ కుటుంబం ఉండటానికి ఏర్పాటు చేసుకున్నది. ఆయన 1966 డిసెంబర్‌లో పోయాడు. కిటికీలో దీపం మాత్రం ఇప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. అమ్మ కాసేపు అలాగే చూస్తూ నిలబడి, "ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉంచారు" అంది.

ఇక నాన్న సంగతి. ఆయన తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేరారు. రాజమండ్రిలో చాలా ఏళ్ళు మోర్స్ కోడ్‌లోనే, అంటే ఒక్కో అక్షరానికీ పొట్టీ పొడుగూ టకటకలతోనే, టెలిగ్రాములు పంపారు, అందుకున్నారు. ఎవరింట్లో చావు, ఎవరికి ఉద్యోగం, అన్నీ ముందు ఆయన చెవిన పడేవి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆపేసిన రోజు ఆయన సరిగ్గా అన్నం తినలేదని అమ్మ చెప్తుంది.

డిస్నీలాండ్ చుట్టూ ఆవిరి రైలు తిరుగుతుంది. న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ స్టేషన్‌లో దానికోసం కూర్చున్నాం. పట్టాల అవతల పాతకాలం చిన్న స్టేషన్ గది ఉంది. అందులోంచి టకటకా చప్పుడు వస్తూ ఉంటుంది. ఆ ప్లాట్‌ఫామ్ మీద నేను అంతకుముందు నిలబడ్డాను, ఆ చప్పుడు ఎప్పుడూ నా చెవికి ఎక్కలేదు. నాన్న మాట్లాడుతున్నవారు ఆపేశారు. తల కొంచెం పక్కకి వంచి కళ్ళు మూసుకున్నారు. కర్ర పిడి మీద చూపుడు వేలు దానంతటదే కదలడం మొదలుపెట్టింది.

"సౌండర్" అన్నారు. టెలిగ్రాం అందుకునేటప్పుడు టకటకమనే పరికరం అది. "ఎవరో పంపుతున్నారు."

రైలు వచ్చింది. ఆయన లేవలేదు. అది వెళ్ళిపోయాక మళ్ళీ చెవి ఒగ్గి విని, "కొన్ని అక్షరాలు పడుతున్నాయి తల్లీ, కొన్ని జారిపోతున్నాయి. ఏ, టీ, ఈ సరిగ్గానే వస్తున్నాయి. ఓ రావలసిన చోట ఇంకేదో వస్తోంది. ఇది మా కోడ్ కాదు" అన్నారు.

అప్పుడు ఫోను తీసి చూశాను. అమెరికా రైల్వేల్లో తీగల మీద వాడిన పాత మోర్స్ వేరు, మన దేశంలో నాన్నవాళ్ళు నేర్చుకున్న అంతర్జాతీయ మోర్స్ వేరు. ఓ, ఎల్, సీ, పీ, ఆర్ లాంటి అక్షరాలు రెండింట్లో ఒకలా ఉండవు. ఆ గదిలోంచి వినిపించేది ఆ పాత అమెరికన్ కోడే. అది పలికే మాటలు 1955లో పార్కు తెరిచిన రోజు వాల్ట్ డిస్నీ చదివిన స్వాగత వాక్యాలు. "టు ఆల్ హూ కమ్" అని, అంటే ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ అని మొదలై స్వాగతం చెప్తాయి.

ఊరికే టకటకలాడే రికార్డు ఏదో ఒకటి పెట్టినా అడిగేవాడు లేడు. వెయ్యిమందిలో ఒక్కరికి కూడా తెలియదు. అయినా ఆ కాలానికి, ఆ రైలుకి సరిపోయే కోడే వెతికి, చెప్పవలసిన మాటే పెట్టారు. ఇలాంటి పని చేసినవాళ్ళంటే నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టెలిగ్రాఫిస్టు ఆ బెంచీ మీద కూర్చుంటాడని వాళ్ళెవరూ అనుకుని ఉండరు. కానీ ఆయన కూర్చున్నప్పుడు అక్కడ వినడానికి నిజమైనది ఉంది.

అడ్వెంచర్‌ల్యాండ్‌లో జంగిల్ క్రూజ్ పడవల దగ్గర ఒక పెద్ద ఖర్జూర చెట్టు ఉంది. డిస్నీ అక్కడికి రాకముందే ఉన్న చెట్టు. ఆ భూమి పాత యజమానులకి పెళ్ళి కానుకగా వచ్చింది, 1896లో నాటారు. తర్వాత డొమింగెజ్ అనే రైతు కుటుంబం భూమి అమ్మేటప్పుడు ఆ చెట్టుని బతికించాలని అడిగింది, డిస్నీవాళ్ళు దాన్ని వేళ్ళతో సహా తవ్వి అక్కడికి మార్చారు. ఆ తోటలో పెరిగిన రాన్ డొమింగెజ్ పార్కు తెరిచినప్పుడు టికెట్లు తీసుకునే పనిలో చేరి, పెద్ద వైస్ ప్రెసిడెంట్ అయ్యాక రిటైరయ్యాడు. మా అమ్మమ్మగారి పొలం అమ్మినప్పుడు గట్టు మీద పనస చెట్టుని కొన్నవాళ్ళు నెల తిరక్కుండా కొట్టేశారు. అమ్మ ఆ ఖర్జూరం మొదలు చుట్టూ తిరిగి చూసిందే చూసింది. మా వెనక జనం ఇండియానా జోన్స్ రైడ్ లైను ఎంతుందో అరుచుకుంటూ పరిగెత్తుతున్నారు.

పిల్లలు వచ్చి కలిశాక అమ్మమ్మే వాళ్ళకి ఒకటి చూపించింది. స్నో వైట్ రైడ్ పైన ఒక కిటికీ ఉంటుంది. ఉన్నట్టుండి తెర తొలుగుతుంది, దుష్ట రాణి కిందికి చూస్తుంది, మళ్ళీ తెర పడుతుంది. అమ్మ పక్కన కూర్చుని ఉండబట్టి చూసింది. మా చిన్నది ఆ తెర కోసం ఇరవై నిమిషాలు మెడ ఎత్తి నిలబడింది. అదే పిల్ల రైడ్ లైన్లో పది నిమిషాలకే ఏడుస్తుంది.

"డిస్నీలాండ్ పాతబడిపోయింది, యూనివర్సల్ స్టూడియోస్ పార్కు బెటర్" అనే స్నేహితులతో నేను ఇక వాదించదలచుకోలేదు. స్పీడు కావాలంటే అక్కడికే వెళ్ళండి, తప్పులేదు. నేను అడిగేది ఒకటే. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే రోజున ఫోన్లో లైన్ల నిమిషాలు చూపించే ఆ యాప్ కాసేపు మూసేయండి. వాళ్ళ నడక ఎంత మెల్లగా ఉంటే అంత మెల్లగా వెళ్ళండి. వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి. "అదేం లేదు నాన్నా, పదండి" అనకండి. మనకి కనిపించనిది వాళ్ళకి కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక నాన్న ఆ అమెరికన్ కోడ్ పట్టిక ప్రింట్ తీసిపెట్టమన్నారు. రోజూ కాఫీ తాగాక దాన్ని ముందు పెట్టుకుని చెంచాతో టేబుల్ మీద కొట్టేవారు, పక్కన మా పెద్దవాడు. ఊరికి బయల్దేరే ముందు వారం "ఆ స్టేషన్‌కి ఒక్కసారి తీసుకెళ్తావా" అని మొహమాటపడుతూ అడిగారు. మేం ముగ్గురమే వెళ్ళాం. అదే బెంచీ మీద కూర్చుని, జేబులోంచి పాత కవరు తీసి, పెన్సిల్‌తో ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయారు. మధ్యలో నాలుగు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. రాయడం అయ్యాక కవరు మనవడి చేతిలో పెట్టి, మొదటి మాట మీద వేలు ఆనించి చూపించారు.

"ఇదిగో నాన్నా, ఓ. ఇవాళ దొరికింది."