తుపాకీ బిగించాక మిగిలిపోయిన కాలర్ గారికి

తుపాకీ గార్డు స్క్రూ చుట్టూ ఉండాల్సిన చిన్న ఇనప గొట్టం ముక్క, మహారాజశ్రీ కాలర్ గారి సముఖానికి,

కోనసీమ నుంచి నమస్కారాలు. ఇక్కడంతా క్షేమం. వానలు పడుతున్నాయి, కాలవలు నిండుగా పారుతున్నాయి, తుపాకీలు తుప్పు పడుతున్నాయి. తమరి క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు. తమరున్నది తుపాకీలో కాదు కదా! పాత పేపరు మీద, క్రీడల పేజీలో, నూనె మరకకీ టీ గ్లాసు ముద్రకీ మధ్యన హాయిగా పడుకుని ఉన్నారు. పెళ్ళిలో ఆఖరి పంక్తి కూడా లేచాక విస్తరి దొరక్క నిలబడిపోయిన చుట్టంలా ఉంది తమరి వాలకం.

తుపాకీ మాత్రం బిగించేశారు. స్క్రూలన్నీ బిగిశాయి, పైన గుడ్డ పెట్టి తుడిచారు, గోడకి ఆనించారు. అప్పుడు కనబడ్డారు తమరు.

"ఇదేంటండీ, మిగిలిపోయింది?"

"ఎక్స్‌ట్రా ఇచ్చుంటారండీ దొరలు. పనిచేస్తుందిగా? ఆయ్!"

ఈ "పనిచేస్తుందిగా" అన్న మాట మీదే మా డెల్టా సగం నడుస్తోంది. మోటారు విప్పితే ఒక వాషరు, ఫ్యాను విప్పితే రెండు స్క్రూలు, తుపాకీ విప్పితే తమరు. మిగిలిన వాటి సంగతి ఎలా ఉన్నా, తమరు ఎక్స్‌ట్రా అంటే మాత్రం నమ్మబుద్ధి కాదు. ఈ .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు మార్క్ 3 వచ్చింది 1907లో. మొదటి ప్రపంచ యుద్ధం ముదిరాక, తయారీ తొందరగా తెమలాలని 1916లో దీన్లోంచి పీకగలిగినవన్నీ పీకారు. మ్యాగజైన్‌లోని తూటాలు పైకి రాకుండా ఆపే కటాఫ్ పలక పోయింది, దూరపు గురికి పెట్టిన వాలీ సైట్లు పోయాయి, మార్క్ 3 పక్కన ఒక నక్షత్రం గుర్తు చేరింది. నిమిషానికి నిమిషం లెక్కపెట్టుకుంటూ పీకిన ఆ రోజుల్లో కూడా తమరి జోలికి ఎవడూ రాలేదు. ఆ తరవాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన వాటిలోనూ తమరు ఉన్నారు. ప్రపంచ యుద్ధం పీకలేని ముక్కని ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసొచ్చి పీకేశాం.

తమరి చిరునామా మేం చెబుతాం, మరిచిపోయినట్టున్నారు. మ్యాగజైను ముందు, ముందుకొయ్యలో పైనుంచి కిందికి ఒక బెజ్జం ఉంటుంది. అందులో నిలువుగా కూర్చునే చిన్న ఇనప గొట్టం ముక్క తమరు. కింద ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనప కట్టు, అదే ట్రిగ్గర్ గార్డు, పైన తుపాకీ బాడీ, నడుమ కొయ్య. గార్డు ముందు స్క్రూ తమరి కడుపులోంచి వెళ్ళి బాడీలో బిగుస్తుంది. ఎంత బిగించినా ఆ బరువు తమరి మీద పడాలి గాని కొయ్య మీద పడకూడదు. తమరు లేకపోతే స్క్రూ బిగించిన కొద్దీ కొయ్య నలుగుతుంది. ఇవాళ ఒక పావు చుట్టు, వచ్చే పండక్కి ఇంకో పావు చుట్టు.

నలిగితే నలిగింది, పాత కొయ్యే కదా అనేవాళ్ళకి అసలు మెలిక తెలీదు. ఈ మార్క్ 3లో ట్రిగ్గరు వేలాడేది గార్డుకి. అది నొక్కాల్సిన సియర్, అంటే కాక్ చేసిన పిన్నుని పట్టి ఉంచే కొక్కెం, ఉండేదేమో బాడీకి. మొగుడు ఒక ఊళ్ళో, పెళ్ళాం ఒక ఊళ్ళో, కాపురం కొయ్య మీద. కొయ్య నలిగి గార్డు పైకి జరిగితే ట్రిగ్గరు వెళ్ళి సియర్‌ని ముందే తట్టేస్తుంది. గార్డు కిందికి దిగితే ట్రిగ్గరు ఎంత లాగినా సియర్ విడవదు. సరిగ్గా బిగిస్తే లాగుడు రెండు మెట్లుగా తెలుస్తుంది. మొదటిది 3 నుంచి 4 పౌండ్లు, రెండోది 5 నుంచి 6 పౌండ్లు. తమరు లేని తుపాకీలో మొదటి మెట్టు మాయమైపోతుంది. వేలు పెట్టగానే రెండో మెట్టు మీద నిలబడి ఉంటాం. "భలే మెత్తగా వచ్చిందండీ ట్రిగ్గరు" అని మురిసిపోయేవాళ్ళు ఈ ఘట్టంలోనే తయారవుతారు.

పైగా ఇది గోదావరి డెల్టా. శ్రావణంలో మండువా ఇంటి తలుపు ఉబ్బి గడపలో ఇరుక్కుంటుంది, రోహిణి కార్తెలో అదే తలుపు సందులోంచి వీధి కనిపిస్తుంది. తలుపుకి లేని క్రమశిక్షణ తుపాకీ కొయ్యకి ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఉబ్బుడూ కుంగుడూ ఇంగ్లండు వాళ్ళకీ తలనొప్పే అయింది. 1949లో నంబర్ 4 మార్క్ 2 చేసినప్పుడు ట్రిగ్గరుని గార్డు నుంచి తప్పించి నేరుగా బాడీకే తగిలించారు. మన మార్క్ 3లకి ఆ యోగం పట్టలేదు. వాటికి తమరే దిక్కు.

తమరు వచ్చారో రాలేదో పట్టుకునే పరీక్ష ఒకటుంది. దానికి నిమిషం కూడా పట్టదు. మ్యాగజైను తీసేసి, తూటా కూర్చునే చాంబరులో ఏమీ లేదని కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, అప్పుడు కాక్ చేసి, బట్, అంటే వెనక కొయ్య, దాని మడమని గోనె పట్టా మీద నాలుగుసార్లు గట్టిగా కొట్టాలి. వెనక పిన్ను తోకలా ఉండే కాకింగ్ పీసు జారకూడదు. జారిందా, ఆ తుపాకీ కవాతుకి కూడా పనికిరాదు. ఈ పరీక్ష చేయకపోవడానికి చెప్పే కారణం కూడా మాకు కంఠతా వచ్చు: పట్టా ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

అసలు తమరు బయటికి రావడమే ఒక నేరం. తుడవడానికి విప్పాల్సినవి ఇవే: స్లింగు, మ్యాగజైను, తూటాని లోపలికి తోసే బోల్టు, బట్ తలుపు వెనక ఉన్న నూనె డబ్బా, గొట్టం తుడిచే తాడు పుల్‌త్రూ. గార్డు స్క్రూ దాకా వెళ్ళే హక్కు తుపాకీలు బాగుచేసే ఆర్మరర్‌ది. కానీ చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నవాడు ఊరుకోడు. బట్ మీద చెయ్యేస్తాడు. బట్‌ని పట్టి ఉంచే పొడుగు స్టాక్ బోల్టు కొస నలుచదరంగా చెక్కి ఉంటుంది. ఆ చదరం ముందుకొయ్య వెనక అంచులో ఉన్న కీపర్ ప్లేటు గాడిలో కూర్చుంటుంది. ముందుకొయ్య తీయకుండా ఆ బోల్టు తిప్పితే చదరం గాడిలోనే తిరిగి కొయ్యని లోపల్నించి తన్నేస్తుంది, తాటిమట్ట చీలినట్టు. విప్పేటప్పుడు ముందుకొయ్య ముందు, బట్ తరవాత. బిగించేటప్పుడు బట్ ముందు, చదరం అంచులు తిన్నగా నిలబడ్డాయని చూసుకుని ముందుకొయ్య తరవాత. తుపాకీ మార్క్ ఏదైనా, మా వాళ్ళు పాటించే క్రమం మాత్రం ఒకటే: ఏది ముందు ఊడితే అది.

ఇక పది తుపాకీలు ఒకేసారి తుడిచే రోజు చూడాలండీ. పది బోల్టులు ఒకే టార్పాలిన్ మీద, ఒకే రంగు, ఒకే జిడ్డు, సంతలో పందెం కోళ్ళలా. ఎవరికి ఏది దగ్గరుంటే అది దూరిపోతుంది, దూరుతుంది కూడా, అదే ప్రమాదం. బోల్టు పిడి వెనక ఒక నంబరు కొట్టి ఉంటుంది, బాడీ కుడివైపు ఒక నంబరు ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. వేరే తుపాకీ బోల్టు పడితే బోల్టు ముఖానికీ తూటా అంచు ఆనే గొట్టం వెనక అంచుకీ మధ్య సందు మారిపోతుంది. ఉండాల్సింది .064 నుంచి .074 అంగుళం. సందు పెరిగితే పేలినప్పుడు తూటా గుల్ల వెనక వైపు తెగి చాంబరులో సగం ఉండిపోతుంది. నంబర్లు చదవడానికి పది నిమిషాలు పడుతుంది, అంత తీరిక లేదంటారు. అదే గుంపు తరవాత గంటసేపు ఆ మిగిలిన ముక్క ఎవరిదని తగువులాడుతుంది.

బోల్టు పెట్టేటప్పుడు బోల్టు తల పూర్తిగా మరలోకి తిప్పి, బోల్టు మీద పక్కటెముకలా ఉన్న గట్టుకి సమానంగా వచ్చేలా సర్దాలి. లోపలికి తోశాక తలని కిందికి నొక్కితే "టక్" అని పట్టాలెక్కుతుంది. ఆ టక్ వినపడకుండానే ముందుకు గుద్దేవాళ్ళు ఉన్నారు. తుపాకీ బిగించడంలో మాకు తెలిసిన ఉపాయాలు రెండే: నోట్లో స్క్రూ పట్టుకోవడం, చేత్తో గుద్దడం.

నూనె సంగతి ఎత్తకపోతే కోనసీమకి అన్యాయం. చేతికందేది కొబ్బరినూనె కాబట్టి తుపాకీకీ అదే. తలకి రాసుకున్నాక వేళ్ళకి అంటిన మిగులు బోల్టుకి. సంక్రాంతి ముందు తెల్లవారుజామున సీసాలో నూనె ఎలా పేరుకుంటుందో, బోల్టులో స్ట్రైకర్ స్ప్రింగు చుట్టూ కూడా అలాగే పేరుకుంటుంది. పిన్ను వెళ్ళి తూటాని తడుతుందే గాని కొట్టదు. పాత తూటాల క్యాప్ మందులో ఉప్పు ఉంటుందని, అది గొట్టంలో మిగిలితే మన గాలికి రాత్రికి రాత్రే తుప్పు లేస్తుందని, దానికి నూనె మందు కాదని, కాగే నీళ్ళు గొట్టంలో పోసి కడిగి, 4×2 అంగుళాల ఫ్లానెల్ గుడ్డతో పొడిగా తుడిచాకే పల్చగా నూనె పట్టించాలని ఎవరైనా చెబితే, "ఇనుముకి నీళ్ళా?" అని నవ్వుతారు. నవ్వి, మర్నాడు గొట్టంలోకి చూసి, ఇటిక రంగు చూసి, ఫ్యాక్టరీ వాళ్ళని తిడతారు.

కాబట్టి కాలర్ గారూ, మీ తప్పేమీ లేదు. మీ పేరు చెప్పుకుని చొక్కా కాలరు ఎగరేసేవాళ్ళే ఇక్కడ ఎక్కువ, మిమ్మల్ని పెట్టాల్సిన చోట పెట్టేవాళ్ళు తక్కువ. ప్రస్తుతం తమరికి ఒక అగ్గిపెట్టెలో బస ఏర్పాటు చేశాం. ఆ అగ్గిపెట్టె బీరువా పైన ఉంది. బీరువా తాళం సెలవులో ఉన్నాయన దగ్గర ఉంది. తనిఖీ మంగళవారం.

ఇట్లు,
గార్డు స్క్రూని మూడోసారి విప్పబోతున్న విధేయులు

తా.క.: తమరి అగ్గిపెట్టెలో పక్కన పడుకున్న స్ప్రింగు కొత్తవాడు కాడు. గొట్టాన్ని ముందుకొయ్యలో పట్టి ఉంచే ఇన్నర్ బ్యాండు స్క్రూ తల కింద ఉండాల్సినవాడు. అతను లేకుండా ఆ స్క్రూ బిగిస్తే గొట్టం కొయ్యకి కట్టేసినట్టవుతుంది, వేడెక్కిన కొద్దీ గురి పక్కకి జరుగుతుంది. అతన్ని ఏ తుపాకీలోంచి తీశారో ఇంకా తేలలేదు. పదిట్లో ఒకటి.