ఇరవై ఏడు కిలోల అవసరం

మధ్యతరగతి ఇళ్ళ పరిస్థితి ఆందోళనకరంగా ఉంది. గదికో ఏసీ ఉంది, మనిషికో ఫోను ఉంది, గాలిని వడగట్టే యంత్రం కూడా వచ్చేసింది. బల్లకు బిగించి, వస్తువును కదలకుండా పట్టుకునే ఆరంగుళాల బెంచి వైస్ మాత్రం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లున్నాయి. లిఫ్టు పక్కన నిలబడి నేనే స్వయంగా విచారించాను. ముప్పై తొమ్మిది ఇళ్ళలో వైస్ లేదు. ఆ ముప్పై తొమ్మిది కుటుంబాలూ ఏ లోటూ లేనట్టు నవ్వుతూ తిరుగుతున్నాయి. మనం ఎక్కడికి చేరుకున్నామో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

వైస్ అనగానే మనవాళ్ళకు వైస్ ఛైర్మన్, వైస్ ప్రిన్సిపాల్ గుర్తుకొస్తారు. అసలు మనిషి సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చునేవారు. బెంచి వైస్ ఎవరి కుర్చీలోనూ కూర్చోదు. దానికి రెండు దవడలు. బల్లవైపున్నది కదలదు, మనవైపున్నది కదులుతుంది, మధ్యలో చిక్కింది కదల్లేదు. సంసారాన్ని కూడా ఈ మాటల్లోనే వర్ణించవచ్చు గానీ ప్రస్తుతం విషయం అది కాదు.

నా విషయంలో అవసరం కత్తిపీటతో మొదలైంది. మా అమ్మ కాలంనాటిది. కత్తి మొద్దుబారింది. పీటలో దిగిన చోట వదులై, బెండకాయ తరిగినా తల ఆడిస్తోంది. మా వీధికి నెలకోసారి సైకిలు మీద సాన పట్టే మనిషి వస్తాడు. ముప్పై రూపాయలిస్తే కత్తికి పదును పెట్టి, అడగకుండానే కత్తెరను కూడా ఒకసారి రాయికి ఆనించి ఇస్తాడు. బాధ్యత గల పౌరుడెవరైనా అంత తేలిక దారిలో వెళతాడా? మన కత్తికి మనమే ఆకురాయి పట్టాలి. ఆకురాయి పట్టాలంటే కత్తి కదలకూడదు. కదలకూడదంటే వైస్ కావాలి. వైస్ అంటూ కొంటున్నప్పుడు చిన్నది ఎందుకు? తర్కం ఇలా ఒక్కో మెట్టే ఎక్కి ఆరంగుళాల దవడ వెడల్పు దగ్గర ఆగింది. ఎనిమిది దాకా వెళ్ళేదే, మా లిఫ్టు గుర్తుకొచ్చి ఆగింది.

మా అమ్మ ఆ పీటను కుడికాలితో తొక్కిపట్టి నలభై ఏళ్ళు కూరలు తరిగింది. ఆ కాలు ఎన్ని అంగుళాలదో, ఏ గ్రేడుదో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో సాంకేతిక చైతన్యం తక్కువ.

నేను అలా కాదు. మూడు నెలలు చదివాను. ముందుగా బలం లెక్క వేశాను. హ్యాండిల్ మధ్య నుంచి చివరికి 25 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టు తిప్పితే చేయి 157 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 5 మిల్లీమీటర్లయితే దవడ జరిగేది అర సెంటీమీటరే. అంటే మన బలం 314 రెట్లవుతుంది. ఇందులో రాపిడి తన వాటా తను తీసుకుంటుంది. ప్రభుత్వ నిధుల మాదిరే ఇక్కడా కింది వరకు చేరేది తక్కువ. ఐదో వంతే చేరుతుందనుకున్నా 60 రెట్ల పైమాటే. 20 కిలోల బలంతో హ్యాండిల్ లాగితే దవడల మధ్య 1,200 కిలోలకు పైగా ఒత్తిడి. చిన్న కారును తెచ్చి కత్తి మీద నిలబెట్టినా అంతకు తక్కువే. ఒక కత్తిపీటకు ఇది సరిపోతుందని నాకు నమ్మకం కుదిరింది.

తరువాత లోహం. వైస్‌లను ఎక్కువగా పోత ఇనుముతో చేస్తారు. అందులో గ్రే ఐరన్ అని ఒకటి. దాని కడుపులో కర్బనం సన్నని రేకుల్లా ఉంటుంది. నొక్కితే ఏనుగులా భరిస్తుంది, లాగితే మాత్రం ఆ రేకుల అంచుల వెంట చీలుతుంది. ఎఫ్‌జీ 200 అంటే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల లాగుడుకు తట్టుకునే రకం. నొక్కుడుకైతే అంతకు మూడు, నాలుగు రెట్లు తట్టుకుంటుంది. వైస్ పని నొక్కడమే కదా, ఇంకేం కావాలి అనుకుంటాం. అక్కడే మోసపోతాం. మధ్యలో వస్తువు నలుగుతున్నంతసేపూ దవడలు వెనక్కి వంగాలని చూస్తుంటాయి, వంగే చోట లాగుడే. గ్రే ఐరన్‌కు వంగే అలవాటు లేదు. ఒక రోజు ముందస్తు నోటీసు లేకుండా రెండు ముక్కలవుతుంది.

1943లో అమెరికాలోని ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో కీత్ మిల్లిస్ అనే లోహ శాస్త్రవేత్త కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపిచూశాడు. రేకులు గుండ్రటి గోళీలయ్యాయి. చీలిక పాకడానికి అంచు దొరకలేదు. దాన్నే మన ఫౌండ్రీలవాళ్ళు ఎస్‌జీ ఐరన్ అంటారు. ఎస్‌జీ అంటే స్ఫెరాయిడల్ గ్రాఫైట్, గుండ్రటి కర్బనం అని. ఇంకా పైన పోత కాకుండా సమ్మెటతో సాగగొట్టిన ఉక్కు వైస్‌లుంటాయి. వాటి ధర చూసి ఫోను పక్కన పెట్టి కాసేపు గోడవైపు చూశాను.

మర్యాద తెలిసిన వైస్‌ల చరిత్రలో షికాగోకు ప్రత్యేక స్థానం ఉంది. 1941లో హ్యూ వోగల్ అనే వలసదారు అక్కడ విల్టన్ అవెన్యూలో కంపెనీ పెట్టి, దానికి వీధి పేరే పెట్టేశాడు. మన దగ్గరైతే వేంకటేశ్వరుడి పేరో తాతగారి పేరో పెట్టేవాళ్ళం. ఆ వైస్‌కు తూటా ఆకారంలో వెనక గుండ్రటి గొట్టం ఉంటుంది, మర అంతా అందులో దాక్కుంటుంది, రజను లోపలికి పోదు. అమెరికాలో వాటిని తుప్పు గీకి, రంగు వేసి, నూనె పట్టించి పూజగదిలో విగ్రహంలా చూసుకునేవారున్నారు. వాటి మధ్య ఏదైనా వస్తువు పెట్టిన దాఖలాలు ఆ వీడియోల్లో నాకు పెద్దగా కనిపించలేదు. మనిషి ఎదిగే కొద్దీ పని వెనక్కి, పనిముట్టు ముందుకు వస్తాయన్నమాట. నాలోనూ ఆ ఎదుగుదల మొదలైందని గ్రహించి గర్వపడ్డాను.

ఇంత చదువుతో సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దిగాను. పంపులు, బేరింగులు, గొలుసులు, బోల్టుల బస్తాల మధ్య ఒక దుకాణదారు కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు.

"ఎంతలో చూపించమంటారు సార్?"

"ధర సంగతి తరువాత. లోహం ఏమిటో చెప్పండి."

"ఎస్‌జీ సార్."

"ఎస్‌జీ అంటే?"

"సూపర్ గ్రేడ్."

మిల్లిస్ పడ్డ శ్రమ గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి. నేను వివరించబోయాను. ఆయన గ్లాసు కింద పెట్టి, నా వివరణ పూర్తయ్యేలోగా వైస్‌ను కాటా మీదికి ఎక్కించేశాడు. 27 కిలోలు. ధర కిలోల లెక్కన చెప్పాడు, వంకాయలకు చెప్పినట్టే. నీలం రంగు నిగనిగలాడుతోంది. పక్కన ఉబ్బెత్తు అక్షరాలతో హెవీ డ్యూటీ అని ఉంది. నేను ఆ దుకాణంలో ఉన్న అరగంటలో హెవీ డ్యూటీ అని రాసి లేని వస్తువు టీ గ్లాసు ఒక్కటే కనిపించింది.

అడుగున తిరిగే పళ్ళెం ఉన్న రకమే తీసుకున్నాను. నలువైపులా తిప్పుకోవచ్చు. గట్టిదనం కొంత తగ్గుతుందని చదివాను గానీ, తిరిగే అవకాశం ఉన్నప్పుడు తిరగనిదాన్ని ఎలా కొంటాం?

ఆటోలో వచ్చాం, నేనూ అదీ. లిఫ్టులో ఆరుగురు, 408 కిలోలు అని రాసి ఉంది. తలకు 68 కిలోల లెక్క. ఆ లెక్కన నా చేతిలో ఉన్నది అర మనిషికి కూడా సరిపోదు. ఆ అర మనిషిని మూడో అంతస్తులో దించి గుమ్మం దాకా మోసేసరికి, పూర్తి మనిషి అవసరమైతే ఎలా ఉంటుందో నా నడుముకు తెలిసింది. మా ఆవిడ తలుపు తీసి ఒక్కటే అడిగింది.

"ఎక్కడ పెడతారు?"

మూడు నెలల పరిశోధనలో ఈ ప్రశ్న ఎక్కడా రాలేదు. దీనికి లోహ శాస్త్రంతో సంబంధం లేదు కాబట్టి వెంటనే జవాబు చెప్పలేదు.

మా వర్క్‌షాప్ అంటే వెనక బాల్కనీ. నాలుగడుగుల వెడల్పు, అందులో సగం వాషింగ్ మెషీన్‌ది. మిగిలిన సగంలో మా అమ్మాయి చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటర్ బల్ల వేసి, నాలుగు రంధ్రాలు చేసి, బోల్టులతో వైస్ బిగించాను. రంపపు పొట్టు, జిగురు కలిపి ఒత్తిన పలక ఆ బల్ల. వైస్ దాని మీద కూర్చున్నప్పుడు పలక మధ్యలో కొంచెం తగ్గింది. పెద్దవాళ్ళు వస్తే మంచం నవారు కుంగినట్టే, గౌరవంగానే అనుకున్నాను.

కింది అంతస్తులో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. లాలాగూడ వర్క్‌షాప్‌లో ముప్పై అయిదేళ్ళు ఫిట్టర్. వైస్ ప్రారంభోత్సవానికి ఆయన్ని పిలిచాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చుట్టూ చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి దవడ మీద కొట్టారు. ఎస్‌జీ ఐరన్ అయితే గంటలా మోగుతుందని చదివాను. ఇది 'దబ్' అంది, గోనెసంచి కింద పడినట్టు. ఆయన ఇంకేమీ అనకుండా అంచు దగ్గర గోటితో గీకారు. నీలం రంగు కింద తెల్లగా లప్పం ఊడొచ్చింది. పోతలో పడిన గుంటలను లప్పంతో పూడ్చి పైన రంగు వేశారన్నమాట. గోడలకే కాదు, ఇనుముకూ లప్పం పెడతారని ఆ రోజు తెలిసింది.

"బాగుందయ్యా. బల్ల ఏది?" అన్నారు.

"ఇదే బాబాయిగారూ."

ఆయన బల్లను రెండు వేళ్ళతో నెట్టారు. బల్ల, వైస్, నేను ముగ్గురం జరిగాం.

తరువాత ఆయన చెప్పినవన్నీ రాస్తే వ్యంగ్యం పోయి ఐటీఐ పాఠమవుతుంది. అయినా కొన్ని రాస్తాను, ఎందుకంటే ఆ మూడు నెలల్లో ఎవరూ చెప్పనివి. నిలబడి చేయి మడిస్తే వైస్ దవడ పైభాగం మోచేతి ఎత్తుకు రావాలి. నాది ఛాతీకి వచ్చింది. కదలని దవడ బల్ల అంచు దాటి కొంచెం బయటికి ఉండాలి, లేకపోతే పొడుగాటి కమ్మీని నిలువుగా దింపడానికి బల్లే అడ్డం. నేను చక్కగా బల్ల నడిమధ్యన బిగించాను, దేవుణ్ణి ప్రతిష్ఠించినట్టు. సమ్మెట దెబ్బ ఎప్పుడూ కదలని దవడవైపు పడాలి, కదిలే దవడవైపు కొడితే దెబ్బంతా మర మీద, లోపలి నట్టు మీద పడుతుంది. హ్యాండిల్‌కు గొట్టం తొడిగి పొడుగు చేసి బిగించకూడదు. ఆ హ్యాండిల్ పొడవు పెట్టినవాడు నీకన్నా ముందే లెక్క వేశాడు అన్నారాయన. ఉద్యోగమంతా ఆయన వాడింది అయిదంగుళాల వైస్. రైలు పెట్టెలకు అది సరిపోయింది.

ఆయన వెళ్ళాక కత్తిపీటను బయటికి తీశాను. ముందుగా తేలికైన పనితో చేయి అలవాటు చేసుకుందామని, కారుతున్న కుళాయి ఊడదీసి దవడల మధ్య పెట్టి బిగించాను. దవడలకు గట్టి ఉక్కు పలకలుంటాయి, వాటి మీద పళ్ళుంటాయి, ఆ పళ్ళు తమ పని తాము చేశాయి. తీసి చూస్తే కుళాయి ఒంటి మీద రెండువైపులా ముతక గళ్ళ అచ్చు. మెరిసే పూత పొట్టుగా రాలింది. గొట్టం గుండ్రంగా ఉండేది, కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. 1,200 కిలోల లెక్క కాగితం మీద కన్నా కుళాయి మీద బాగా అర్థమైంది. మెత్తటి వస్తువులు పట్టేటప్పుడు దవడలకు రాగి రేకులో అల్యూమినియం తొడుగులో వేయాలట. అంటే ముందు డబ్బు పోసి గట్టిదనం కొనాలి, తరువాత ఆ గట్టిదనం తగలకుండా ఇంకొంత డబ్బు పోయాలి. కొన్నాను.

ఇక హ్యాండిల్. అది మర తలలోని రంధ్రంలో అటూ ఇటూ జారే కడ్డీ, రెండు చివరలా గుండ్లు. వదిలేస్తే దానంతటదే కిందికి జారి, పై గుండు మర తలకు 'టక్' మని తగులుతుంది. ఆ రెండింటి మధ్య చూపుడువేలికీ బొటనవేలికీ నడుమ ఉండే పలచటి చర్మం పట్టేంత చోటు సరిగ్గా ఉంటుంది. వైస్ తయారైన ఇన్నేళ్ళలో ఆ చోటును ఎవరూ పూడ్చలేదంటే అది లోపం కాదు, దీక్షా చిహ్నం. నాకు నల్లటి మచ్చ పడింది. ఆఫీసులో ఎవరైనా అడుగుతారని వారం రోజులు చేయి ముందుకు పెట్టి కూర్చున్నాను.

చివరికి కత్తి బిగించి రెండు చేతులా ఆకురాయి పట్టి తోశాను. కత్తి కదల్లేదు. వైస్ కదల్లేదు. బల్ల వెళ్ళి వాషింగ్ మెషీన్‌కు గుద్దుకుంది. వెనక్కి లాగితే నాతోపాటు వెనక్కి వచ్చింది. అలా పావుగంట మేమిద్దరం బాల్కనీలో ముందుకూ వెనక్కూ నడిచాం. నలువైపులా తిరిగే పళ్ళెం కూడా వాడిచూశాను. నలభై డిగ్రీలు తిరిగి హ్యాండిల్ గోడకు తగిలింది.

వెంటనే వెల్డింగ్ దుకాణానికి వెళ్ళి మందపాటి యాంగిల్ ఇనుముతో బల్ల చేయమని చెప్పాను. వైస్ ధరకు రెండింతలైంది, బరువుకు మూడింతలైంది. అంత బరువు బాల్కనీలో పెట్టడానికి లేదని అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నోటీసు ఇచ్చారు. నోటీసుకు సమాధానంగా నేను ఆరు పేజీలు రాశాను. అవి చర్చలో ఉన్నాయి. బల్ల సెల్లారులో ఉంది. వైస్ బాల్కనీలో, నేల మీద ఉంది. దాని హ్యాండిల్‌కు పనిమనిషి తడిగుడ్డ ఆరేస్తోంది.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర సైకిలు స్టాండు వేసి ఉంది. సాన పట్టే మనిషి పెడల్ తొక్కుతున్నాడు, రాయి మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. అతని చేతిలో మా కత్తిపీట. వైస్ లేదు, ఎడమ చెయ్యి ఉంది. పదును అయ్యాక పీటలో కత్తి దిగిన చోట ఒక చిన్న చెక్కముక్క పెట్టి, రాయితో రెండు దెబ్బలు వేశాడు. కత్తి తల ఆడించడం మానేసింది. మా ఆవిడ ముప్పై రూపాయలిచ్చింది.

అతన్ని ఊరికే పంపడం నాకు ఇష్టం లేకపోయింది. లోపలికి పిలిచి బాల్కనీలో వైస్ చూపించాను. అతను తడిగుడ్డ పక్కకు తీసి, వంగి, ఒక చేత్తో కొంచెం పైకి లేపి, మళ్ళీ కింద పెట్టాడు. ముఖంలో గౌరవం కనిపించింది.

"కిలో ఎంత చెప్పారు సార్?" అన్నాడు.