అమ్మేది మన షాపు, వసూళ్లు వాళ్లవి

ఫ్రాంచైజీ ఇచ్చేటప్పుడు బ్రాండు వాళ్ల మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. ఆ షాపుని మనం ఇంకొకరికి అమ్మబోతేనే వాళ్ల అసలు రంగు బయటపడుతుంది.

అగ్రిమెంట్ వెనక పేజీల్లో బదిలీ ఫీజు (షాపు చేతులు మారితే బ్రాండుకి కట్టేది) క్లాజు ఉంటుంది. కొందరిది ఇంత అని ఒకే మొత్తం, కొందరిది మొదటి ఫ్రాంచైజీ ఫీజులో సగం, కొందరిది అమ్మకం ధరలో వాటా. అన్నిటికన్నా దుర్మార్గం ‘అప్పటికి అమల్లో ఉన్న ఫీజు’ అని రాయడం. అంటే అంకె వాళ్లిష్టం! రెండున్నర లక్షలనుకోండి, 18% జీఎస్టీ మరో 45,000. నడుస్తున్న వ్యాపారాన్ని ఉన్నదున్నట్టు మొత్తంగా అమ్మితే ఆ అమ్మకానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, బ్రాండుకి కట్టే ఫీజుకి మాత్రం లేదు.

బ్రాండు నుంచి ఎన్‌ఓసీ (అమ్మకానికి అభ్యంతరం లేదన్న పత్రం) కావాలంటే రాయల్టీ (బ్రాండు పేరు వాడుకున్నందుకు కట్టేది) బకాయిలన్నీ ముందే కట్టాలి. కొనేవాడికి ట్రైనింగ్ ఫీజు వేరే. పైగా కొత్త డిజైన్ ప్రకారం ఇంటీరియర్ మార్చమంటారు, అదంతా అతను మన రేటులోంచే కోస్తాడు. తినుబండారాల షాపైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు అమ్మకంతో పాటు పోదు, అతను కొత్తది తీసుకోవాల్సిందే. బ్రాండు దగ్గరున్న మన డిపాజిట్ తిరిగొచ్చేది మాత్రం వడ్డీ లేకుండా ‘సెటిల్‌మెంట్ అయ్యాక’.

‘చూసుకుందాం లెండి సార్’ అన్న ఏరియా మేనేజర్ ఈలోగా ఇంకో ఊరికి వెళ్లిపోతాడు (అతని బదిలీకి ఫీజు లేదు మరి). అందుకే టోకెన్ అడ్వాన్స్ ముట్టుకోకముందే ఫీజెంత, కట్టేదెవరు, డిపాజిట్ ఏ తేదీకి ఇస్తారు అన్నవి ఈమెయిల్లో రాయించుకోండి.