చిని అడిగితే ఉప్పిచ్చినవాడి వాంగ్మూలం

పర్లాకిమిడిలో మా బావ కిరాణా కొట్లో కూర్చున్నాను. ఒకావిడొచ్చి ఒడియాలో "చిని కిలోటే దియంతు" అంది, అంటే కిలో చక్కెర ఇవ్వమని. గ్రాము తేడా రాకుండా తూచి, కిలో ఉప్పు పొట్లం కట్టిచ్చాను. సాయంత్రానికి పాయసం గిన్నెతో సహా తిరిగొచ్చింది. బావ చెంచాడు నోట్లో వేసుకుని, కాసేపు మాట్లాడలేక, "మనసెక్కడెట్టుకుని తూసినావురా?" అన్నాడు.

మనసు డ్యూటీలోనే ఉందని మనవి. మనిషి ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత జోరుగా పనిచేస్తాయని 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైక్లీ బృందం రాసింది. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు తిన్నదాంట్లో 20 శాతం శక్తిని లాగేస్తుంది. అంటే నేను గోడకానుకుని కూర్చున్నా అక్క పెట్టిన అన్నం వృథా కావడం లేదు. 2010లో హార్వర్డ్ వాళ్లు ఫోన్ల ద్వారా వాకబు చేస్తే, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం సేపు జనం మనసు చేస్తున్న పని మీద లేదట. అలాంటప్పుడు వాళ్లు సంతోషంగానూ లేరని అందులోనే ఉంది. ఆ ముక్క బావకు చెప్పకండి.

1907లో ఐన్‌స్టీన్‌కి, పైనుంచి పడేవాడికి తన బరువు తెలియదు కదా అని తట్టింది బెర్న్ పేటెంటాఫీసు కుర్చీలోనే. ఆ పూట ఏ ఫైలు ఆగిందని ఎవరైనా అడిగారా? అంత దూరమెందుకు, 1880లో మా ఊరి రాజావారి బడిలో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారి మనసు కొండల మీది సవర భాష మీదికి పోయింది. సిలబస్‌లో లేదు కదా అని ఆయన ఊరుకుని ఉంటే సవరకు నిఘంటువుండేదా?

పంచతంత్రంలో పగటికలలు కంటూ పేలపిండి కుండను తన్నిన బ్రాహ్మడికీ అన్యాయమే జరిగింది. పిండి అమ్మి మేకలు, మేకలమ్మి ఆవులు, ఇల్లు, పెళ్లి, కొడుకు సోమశర్మ: ఏ బ్యాంకైనా లోనిచ్చే ప్రాజెక్టు రిపోర్టది. తప్పల్లా కుండను కాలికందేలా వేలాడదీయడం.

అసలు మాకీ విద్య నేర్పింది రైలు. 1900లో నౌపడా నుంచి వేసిన రెండున్నర అడుగుల పట్టా మీద బండి ఎంత నెమ్మదంటే, కిటికీ పక్కనున్నవాడు ఊరొచ్చేలోగా పొలం కొని, నాట్లేసి, కోతలు కోసి, ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేసేసేవాడు. బ్రాడ్‌గేజ్ పడ్డాక నాట్ల దగ్గరే ఊరొచ్చేస్తోంది. ఆగిపోయిన పెళ్లిళ్లకు పరిహారం ఎవరిస్తారు?

బావ ఇప్పుడు డబ్బాల మీద ఒడియాలో, తెలుగులో పేర్లు రాయించాడు. చూడగా చూడగా, రెండు లిపులూ ఎంత గుండ్రన! తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలిపోతుందని అలా తిప్పారంటారు. మొదట తిప్పినవాడెవడో, ఆకు చీలినందుకు వాళ్ల బావ ఏమన్నాడో...

ఎవరో "చిని" అన్నట్టున్నారు.