ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే నేరుగా రిగ్గు మీదికేనా?

రేణిగుంట, పుత్తూరు, పలమనేరు వైపు ఐటీఐ చదివిన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా మేనల్లుడు దాన్ని నాకు పంపి, "మామా, ఇది నిజమేనా? లక్షన్నర కట్టమంటున్నారు. అమ్మ గొలుసు కుదువ పెడతానంటోంది" అని అడిగాడు. అందులో ఉన్నది ఇది: ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసైతే చాలు, అనుభవం అక్కర్లేదు, మూడు రోజుల బోసియెట్ కోర్సు (సముద్రంలో ప్రాణాలు కాపాడుకునే శిక్షణ) చేస్తే ఆఫ్‌షోర్ రిగ్గులో, అంటే సముద్రంలో చమురు బావులు తవ్వేచోట, ఉద్యోగం గ్యారంటీ. నెలకు 2 లక్షలు, ట్యాక్స్ లేదు, ఏడాదిలో ఆరు నెలలు జీతంతో సెలవు. కోర్సుకు, వీసాకు కలిపి లక్షన్నర. ఈరోజే ఆఖరు తేదీ.

గాజులమండ్యం ఫ్యాక్టరీలో మొదలుపెట్టి, రాజమండ్రి పక్క నేల మీది రిగ్గు చూసి, తర్వాత ముంబై సముద్రంలోకి వెళ్లినవాణ్ణి. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మెసేజ్‌లో నిజం అసలే లేదనను. రిగ్గుల్లో ఎలక్ట్రీషియన్లు ఉంటారు, వాళ్లలో ఐటీఐ వాళ్లూ ఉన్నారు, ఊళ్లో సంపాదన కంటే అక్కడ ఎక్కువే. గొడవంతా "చాలు" అన్న మాటతోనే.

ముందు "అనుభవం అక్కర్లేదు" సంగతి. రిగ్గుకి బయటినుంచి కరెంటు రాదు. దాని జనరేటర్లే దానికి దిక్కు. చాలా రిగ్గుల్లో డీజిల్ జనరేటర్లు 600 వోల్టుల ఏసీ ఇస్తాయి. పాత రిగ్గుల్లో దాన్ని ఎస్సీఆర్ ప్యానెళ్లలో డీసీగా మార్చి, బావిలోకి మడ్ (బురదలాంటి ద్రవం) తోసే పంపులనూ, పైపుల్ని పైకీ కిందికీ లాగే డ్రావర్క్స్‌నూ తిప్పుతారు. ఆ డీసీ మోటార్లు డీజిల్ రైలింజన్ల మోటార్ల జాతివే. కొత్త రిగ్గుల్లో వీఎఫ్‌డీలు, అంటే ఏసీ మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు. బోరు మోటారు స్టార్టర్ బాగుచేసే చెయ్యి మంచిదే కానీ, అక్కడికి అదొక్కటే సరిపోదు.

ఒక్క ఉదాహరణ చెప్తా. మన ఇళ్లకు వచ్చే లైనులో న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు. ఫేజు బాడీకి తగిలితే ట్రిప్ అవుతుంది, లేదా ఫ్యూజు పోతుంది. రిగ్గులో ఆ 600 వోల్టుల సిస్టమ్‌ని మామూలుగా ఎర్త్‌కి కలపరు. ఒక ఫేజు ఎక్కడో బాడీకి తగిలినా బ్రేకర్ పడదు, డ్రిల్లింగ్ సాగుతూనే ఉంటుంది. ప్యానెల్ మీద గ్రౌండ్ ఫాల్ట్ దీపం ఒక్కటే ఆ సంగతి చెబుతుంది. పని మధ్యలో ఆగితే బావికే ప్రమాదం కాబట్టి కావాలనే అలా పెట్టారు. ఆ దీపం చూసి, ఏ ఫీడర్‌లో తేడా ఉందో వెతికి పట్టుకోవడం ఎలక్ట్రీషియన్ పని. "ట్రిప్ కాలేదుగా, ఏం కాదులే" అనుకుని వదిలేస్తే, ఇంకో ఫేజు ఇంకోచోట తగిలిన రోజు అది నేరుగా షార్టు.

గ్యాస్ సంగతి ఇంకా సున్నితం. బావిలోంచి మడ్‌తో పాటు గ్యాస్ కూడా రావచ్చు. అందుకే షేల్ షేకర్ల (మడ్‌లోంచి రాతిముక్కల్ని జల్లెడపట్టే యంత్రాలు) చుట్టుపక్కల చోటును, గ్యాస్ ఉండే అవకాశం ఎక్కువైతే జోన్ 1 అనీ, తక్కువైతే జోన్ 2 అనీ విభజిస్తారు. అక్కడ స్విచ్చులు, వైర్ల కనెక్షన్లు ఉండే ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలోకి గ్యాస్ పోకుండా ఆపరు. పోనీ అంటారు. లోపల నిప్పురవ్వ పుట్టి గ్యాస్ పేలినా ఆ పెట్టె తట్టుకోవాలి, మూత అంచుల మధ్య సన్నటి సందులోంచి బయటికొచ్చే మంట ఆ దారిలోనే చల్లారిపోవాలి. ఇప్పుడు మనూరి అలవాటు గుర్తు చేసుకోండి: వాన నీళ్లు దూరకుండా పెట్టె అంచుకి సిలికాన్ పూస్తాం, నాలుగు బోల్టుల్లో ఒకటి పోతే మూడింటితో సరిపెడతాం, కేబుల్ దూరేచోట బిగించే గ్లాండు దొరక్కపోతే టేపు చుడతాం. ఇంట్లో ఇవి చెల్లుతాయి. జోన్ 1లో వీటిలో ఏ ఒక్కటి చేసినా పెట్టె ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు, పైకి మాత్రం అలాగే కనిపిస్తుంది. కాంపెక్స్ లాంటి కోర్సులు నేర్పేది ఇదే. అవి కూడా పని తెలిసినవాడి కోసం పెట్టినవే. 1988 జూలైలో బ్రిటన్ వైపు సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ తగలబడి 167 మంది చనిపోయారు. విప్పి ఉన్న పంపు సంగతి పర్మిట్ కాగితాల్లో ఉన్నా తర్వాతి షిఫ్టుకి చేరకపోవడం దాని కారణాల్లో ఒకటి. అందుకే ఇప్పుడు వర్క్ పర్మిట్ లేకుండా, లాక్ వేసి ట్యాగ్ కట్టకుండా ఏ ప్యానెలూ తెరవనివ్వరు.

రెండోది, బోసియెట్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అన్నది. బోసియెట్ మంచి కోర్సే, నేనూ చేశా. మంట ఆర్పడం, లైఫ్‌బోటు, ప్రథమ చికిత్స నేర్పుతారు. హెలికాప్టర్ నమూనాలో కూర్చోబెట్టి నీళ్లలో తలకిందులు చేసి బయటికి రమ్మంటారు. మొదటిసారి నాకు ముక్కులోకి నీళ్లు పోయి చుక్కలు కనిపించాయి! ఊరికే పెట్టలేదు దాన్ని. 2022 జూన్ 28న ముంబై సముద్రంలో తొమ్మిది మందితో వెళ్తున్న హెలికాప్టర్ రిగ్గు దగ్గర నీళ్లలో పడి నలుగురు చనిపోయారు. అయితే ఆ సర్టిఫికెట్‌లో నీకు కరెంటు పని వచ్చని ఎక్కడా ఉండదు. వంటవాడూ అదే చేస్తాడు, క్రేన్ ఆపరేటరూ అదే చేస్తాడు. పైగా దాని గడువు నాలుగేళ్లే. ఉద్యోగం ఖాయం కాకముందే చేస్తే, ఇంట్లో కూర్చున్నా గడువు కరిగిపోతూనే ఉంటుంది.

జీతం, సెలవు, ట్యాక్స్ మూడూ ఒకే లెక్క. కాంట్రాక్టు పనిలో చాలామందికి రోజు లెక్కనే ఇస్తారు, ఇంట్లో ఉన్న రోజులకు ఏమీ రాదు. ఉదాహరణకి రోజుకి 4 వేలు అనుకుందాం. 28 రోజులు పని, 28 రోజులు ఇల్లు. 56 రోజులకు వచ్చేది 1,12,000. నెలకు చూసుకుంటే సుమారు 60 వేలు. పని రోజుల్లో పన్నెండు గంటల షిఫ్టు, ఆదివారం లేదు, ఉగాది లేదు. ఆరు నెలలు ఇంటి దగ్గర ఉంటామన్న మాట నిజమే, "జీతంతో" అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఇక ముంబై హై తీరానికి సుమారు 160 కిలోమీటర్లు లోపల ఉన్నా, ఆదాయపు పన్నుకి అదీ ఇండియానే. విదేశీ సముద్రంలో చేసినా, 28కి 28 రొటేషన్‌లో ఏడాదికి బయట ఉండేది 182 రోజుల అంచున. రెండు రోజులు ముందు ఇంటికొస్తే ఎన్నారై లెక్క తప్పి, ఆ జీతానికి ఇక్కడ పన్ను పడొచ్చు.

లక్షన్నర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. విదేశీ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు 1983 వలస చట్టం కింద తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. ఓడల మీదికి మనుషుల్ని పంపేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి, వాళ్లు ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర ఫీజు తీసుకోనేకూడదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతకడానికి అయిదు నిమిషాలు. మెసేజ్‌లో ఉన్నది ఒక ఫోన్ నంబరు, ఒక గూగుల్ పే నంబరు. లైసెన్సు నంబరు లేదు.

"మరి నేనేం చెయ్యాలి మామా?" అన్నాడు. ముందు ఏడాది అప్రెంటిస్ పూర్తి చేసి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నా. తర్వాత శ్రీసిటీలోనో, గాజులమండ్యంలోనో ప్యానెళ్లు, జనరేటర్లు, వీఎఫ్‌డీలు ఉన్న మెయింటెనెన్స్ పని. బంగారుపాళ్యం వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి సీజన్లో రాత్రి షిఫ్టు చేసినా చాలా తెలుస్తుంది. అర్ధరాత్రి లైను ఆగితే కాయ కుళ్లిపోతుందన్న టెన్షన్లో ఫాల్ట్ పట్టడం చిన్న విషయం కాదు. మధ్యలో లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్, వీలైతే సూపర్‌వైజర్ సర్టిఫికెట్. సముద్రపు ప్లాట్‌ఫామ్‌లు కట్టే యార్డు చెన్నై పక్క కాట్టుపల్లిలోనే ఉంది. నేల మీది రిగ్గులు గోదావరి వైపు ఉన్నాయి. హెలికాప్టర్ మాట అక్కడ పని చేశాక. అన్నిటికంటే ముందు, పైసా ఖర్చు పెట్టకముందే కలర్ విజన్ పరీక్ష చేయించుకోమన్నా. రంగులు తేడాగా కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌గా మెడికల్ దగ్గరే ఆగిపోవచ్చు.

"ఇదంతా నాలుగైదేళ్లు పడుతుందే" అన్నాడు. నాకు ఆరు పట్టింది.

ఇక మిగిలింది "ఈరోజే ఆఖరు తేదీ". ఫోన్లో పాత మెసేజ్‌లు వెతికితే, అక్షరం పొల్లుపోకుండా ఇదే మెసేజ్ పోయిన వినాయక చవితికి కూడా వచ్చి ఉంది. అప్పుడూ ఆ రోజే ఆఖరు.